పటములలో ఎత్తుపల్లముల రంగులు

తరగతి గోడకు వ్రేలాడు భారతదేశ భౌగోళిక పటమును చూడని విద్యార్థి మనలో నుండడు. తీరమున ఆకుపచ్చ, దక్కను పీఠభూమిపై పసుపు, గోధుమ వర్ణములు, హిమాలయములపై ముదురు గోధుమ, వాని శిఖరములపై తెలుపు. చిన్ననాటినుండి చూచుచుండుటచేత ఈ రంగులు భూమికి స్వతస్సిద్ధములని తలచుచున్నాము. కాని అవి యెవరో ఎన్నుకొని పూసినవి. వారు మరియొక విధముగా ఎన్నుకొనియుండినచో అదే భూమి మనకు మరియొక విధముగా కనబడియుండును. ఈ యెన్నికలోని మర్మమును తెలియనివాడు పటమును చూచియు భూమిని తెలిసికొనజాలడు. మన జహీరాబాదు ప్రాంతమునే నిదర్శనముగా గైకొని ఈ విషయమును వివరించుట యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

మన యూరి నిదర్శనము

జహీరాబాదు సముద్రమట్టమునకు సుమారు 622 మీటర్ల యెత్తున నున్నది. ఇచ్చటినుండి ఉత్తరమున బీదరువైపునకు లాటరైటు అను ఎర్రరాయి కప్పిన పీఠభూమి వ్యాపించియున్నది. మంజీర నది మహారాష్ట్రమునందలి బాలాఘాటు కొండలలో పుట్టి, ఆగ్నేయ దిశగా బీదరు ప్రాంతముమీదుగా పారి, మన సంగారెడ్డి జిల్లాలో ప్రవేశించి, ఇచ్చట మలుపు తిరిగి ఉత్తరాభిముఖమై, తుదకు నిజామాబాదు జిల్లాలోని కందకుర్తికడ గోదావరిలో కలియుచున్నది. ఆ నదిపై మనకు తూర్పున సింగూరు జలాశయము కలదు. దాని నిండు నీటిమట్టము 523.6 మీటర్లు. అనగా జలాశయము పూర్తిగా నిండిన దినమున సైతము ఆ నీటియుపరితలము మన పట్టణమునకంటె సుమారు 98 మీటర్లు దిగువన నుండును. ఇది ఇంచుమించు రెండు చార్మినారులను ఒకదానిపై నొకటి నిలిపినంత యెత్తు.

ఇక మనకు దక్షిణమున వికారాబాదు సమీపముననున్న అనంతగిరి కొండలలో మూసీనది పుట్టి కృష్ణను చేరుచున్నది. మంజీర గోదావరికి, మూసీ కృష్ణకు పోవుచున్నవి. కావున ఈ రెంటికిని నడుమ ఒక మెరక యుండితీరవలెను. దాని కొకవైపున పడిన చినుకు గోదావరికి, రెండవవైపున పడిన చినుకు కృష్ణకు పోవును. ఆ మెరక కొండవలె కంటికి కనబడదు. బండిమీద పోవువాడు దానిని దాటియు దాటినట్లెరుగడు. ఇట్టి సన్నని భేదములను చూపుటకే పటము కావలెను.

ఇప్పుడు రెండు అట్లాసులను తెరచినట్లు భావింతము. మొదటిదానిలో 500 మీటర్లనుండి 1000 మీటర్లవరకు ఒకే రంగు పూసినారు. అందు జహీరాబాదు, సింగూరు జలాశయము, సుమారు 540 మీటర్ల యెత్తున నున్న హైదరాబాదు, సుమారు 920 మీటర్ల యెత్తున నున్న బెంగుళూరు అన్నియు ఒకే పసుపురంగులో నుండును. చూచువాడు ఈ భూమి యంతయు బల్లపరుపుగా నున్నదనుకొనును. రెండవ అట్లాసులో 300 మొదలు 600 వరకు ఒక రంగును, 600 దాటిన పిమ్మట మరియొక రంగును వాడినారు. ఇందు జహీరాబాదు ఒక రంగులోను, హైదరాబాదు, సింగూరు మరియొక రంగులోను పడినవి. ఇది మేలే యనిపించును. కాని 599 మీటర్ల యెత్తున నున్న చేనునకును దాని గట్టునానుకొని 601 మీటర్ల యెత్తున నున్న చేనునకును రంగు మారి, వాని నడుమ గోడ కట్టినట్లు కనబడును. మూడువందల మీటర్ల భేదముగల జహీరాబాదు, బెంగుళూరులు మాత్రము ఒకే రంగులో నుండును.

మొదటి పటము ఉన్న వాలును దాచినది. రెండవది లేని గోడను కట్టినది. అయినను రెంటిలోను ఒక్క అబద్ధమైనను లేదు. ప్రతి రంగును తన సూచికలో చెప్పిన యెత్తునే చూపుచున్నది. నిజములతోనే చూపరి మోసపోవుట యిట్లు సంభవించుచున్నది.

ఇది వట్టి పాండిత్యవిషయము కాదు. 2022వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో సింగూరు నీటిని మన ప్రాంతపు మెట్టభూములకు ఎత్తిపోయుటకై సంగమేశ్వర, బసవేశ్వర పథకములకు నారాయణఖేడులో శంకుస్థాపన జరిగెను. "నది యంత దగ్గర నుండగా మన చేలకు నీరేల రాదు?" అని అడుగువారికి ఉత్తరము ఆ 98 మీటర్లలో నున్నది. ఒక ఘనపు మీటరు నీరు, అనగా వేయి లీటర్లు, అంత యెత్తునకు చేర్చుటకు యంత్రములలో నష్టమేమియు లేదనుకొన్నను ఒక యూనిట్టు విద్యుత్తులో నాలుగవవంతునకు పైగా కావలెను. ఎకరములకొలది పైరునకు కావలసిన నీటిని లెక్కించినచో ఆ వ్యయ మెంతయగునో గ్రహింపవచ్చును. గోడమీది పటములో ఒకే రంగున నున్న రెండు చోట్ల నడుమ ఇంత కథ దాగియున్నది.

ఎత్తులను కొలిచినవారు

రంగు పూయుటకు ముందు ఎత్తు తెలియవలెను. ఆ చరిత్రలో మన పొరుగు సీమకు గొప్ప స్థానము కలదు. 1802వ సంవత్సరమున విలియం లాంబ్టన్ మద్రాసువద్ద ఒక ఆధారరేఖను కొలిచి, త్రిభుజములను అల్లుకొనుచు దేశమంతయు కొలుచు మహాకార్యమునకు పూనుకొనెను. ఆ కొలత ఉత్తరముగా సాగి మన సీమకు వచ్చినప్పుడు, 1815లో ఆయన బీదరు సమీపమున మరియొక ఆధారరేఖను కొలిచెను. తరువాత జార్జి ఎవరెస్టు ఆ కార్యమును హిమాలయపాదములవరకు కొనిపోయెను. 1841లో బీదరు ఆధారరేఖను నూతన పరికరములతో మరల కొలిచిరి. ప్రపంచమునందలి యత్యున్నత శిఖరమునకు ఎవరి పేరు పెట్టబడెనో ఆయన పని మన యింటిముంగిటనే జరిగినదని మన విద్యార్థులలో పలువు రెరుగరు.

సముద్రమట్టము అనుటయు ఊహామాత్రము కాదు. భారతదేశమున తొమ్మిది రేవులయందు ఆటుపోటులను ఏండ్లతరబడి గమనించి, వాని సగటునుబట్టి ఎత్తుల లెక్కను 1909 నాటికి స్థిరపరచిరి. ఆ రేవులలో మన విశాఖపట్టణ మొకటి. జహీరాబాదు 622 మీటర్ల యెత్తున నున్నదనగా అట్టి మట్టమునుండి లెక్కించిన యెత్తే.

రేఖనుండి రంగునకు

ఎత్తులను కాగితముమీద చూపుటకు మొదట ఏర్పడిన శాస్త్రీయసాధనము సమోన్నత రేఖ. ఒకే యెత్తుననున్న చోట్లనన్నిటిని కలుపు రేఖ యిది. చెరువులో నీరు నిండియున్నప్పుడు అంచున నేర్పడు తడిగీటును తలచుకొనుడు. నీరు ఒక మీటరు తగ్గిన పిమ్మట మరియొక గీటు, ఇంకొక మీటరు తగ్గిన మరియొకటి ఏర్పడును. గట్టు నిటారుగా నున్నచోట ఆ గీట్లు దగ్గరదగ్గరగాను, వాలు మెల్లగా నున్నచోట ఎడమెడముగాను పడును. సమోన్నత రేఖల సిద్ధాంతమంతయు ఇంతే. 1737లో ఫ్రెంచి భూగోళజ్ఞుడు ఫిలిప్ బువాషు సముద్రపు లోతులను ఇట్టి రేఖలతో చూపెను. 1774లో స్కాట్లండులోని షిహాలియన్ పర్వతముపై జరిగిన శోధనలో చార్లెస్ హట్టన్ వీనిని భూమికి ఉపయోగించెను. మన సర్వే ఆఫ్ ఇండియావారి పటములలో ఇవి గోధుమవర్ణముతో గీయబడును. జహీరాబాదు ప్రాంతము వారి 56 జి అను సంఖ్యగల పటములో చేరినది. అర లక్షకొకటి ప్రమాణముగల పటములలో సామాన్యముగా ఇరువది మీటర్లకొక రేఖ యుండును.

రేఖలు నిక్కమైనవే గాని సామాన్యుని కన్ను వానిని చదువలేదు. కావున రేఖకును రేఖకును నడుమ రంగు నింపవలెనను ఆలోచన పుట్టినది. ఆస్ట్రియా సేనానియగు హౌస్లాబు "ఎత్తు పెరిగినకొలది రంగు ముదురవలెను" అను నియమమును ప్రతిపాదించెను. 1840 ప్రాంతమున జర్మనీలో సీడో అనునాతడు పాఠశాలల గోడపటములకు పల్లపుభూములకు ఆకుపచ్చయు, మెరకభూములకు గోధుమయు వాడుటను వ్యాపింపజేసెను. 1880 ప్రాంతమున ఎడింబరోలోని బార్తలోమ్యూ సంస్థవారు అంతస్తులవారీగా రంగు నింపు పద్ధతికి ప్రసిద్ధి తెచ్చిరి. 1898లో వియన్నా పండితుడు పాయికర్, ఎరుపు మొదలగు వేడిరంగులు కంటికి దగ్గరగాను నీలము మొదలగు చల్లనిరంగులు దూరముగాను తోచుననియు, కావున శిఖరములకు వేడిరంగులు, లోయలకు చల్లనిరంగులు వాడవలెననియు వాదించెను. జర్మను భూగోళజ్ఞుడు పెంక్ 1891లో సూచించిన అంతర్జాతీయ ప్రపంచపటమునకు 1909, 1913 సంవత్సరముల సభలలో నియమములేర్పడినప్పుడు, ఎత్తులకు వాడవలసిన రంగుల వరుసయు అందరికి సమానముగా నిర్ణయింపబడెను.

ఆకుపచ్చ యనగా పైరు కాదు

ఈ సంప్రదాయమునుండి ఒక పెద్ద భ్రాంతి పుట్టినది. ఆకుపచ్చను చూచినవెంటనే మన మనస్సునకు చేలును, తోటలును తోచును. పటములోని ఆకుపచ్చకు "ఇచ్చట భూమి పల్లముగా నున్నది" అను అర్థమే కాని "ఇచ్చట పచ్చదన మున్నది" అను అర్థము లేదు. రాజస్థానములోని థారు ఎడారిలో చాలభాగము మూడువందల మీటర్లకు దిగువన నుండుటచేత అనేక పటములలో పచ్చగా కనబడును. కచ్ఛములోని ఉప్పునేల సముద్రమట్టమునకు మిక్కిలి సమీపమున నుండుటచేత అన్నిటికంటె పచ్చగా నుండును. కాని దట్టమైన అరణ్యముతో కప్పబడిన నల్లమల కొండలు గోధుమరంగుతో ఎండిపోయినట్లు కనబడును. మన నల్లరేగడి చేలును, చెరకు తోటలును పటములో పసుపు, గోధుమ వర్ణములలో పడి బీడునేలవలె తోచును.

ఈ చిక్కును తొలగించుటకు రెండు త్రోవలు కలవు. మొదటిది, ఆకుపచ్చను పూర్తిగా మాని, లేత గడ్డిరంగునుండి ముదురు గోధుమకు పోవు వరుసను వాడుట. రెండవది, తడిసీమలలో పల్లములకు ఆకుపచ్చయు, ఎండసీమలలో పల్లములకు ఇసుకరంగును వాడి, నడుమ రెంటిని మెల్లగా కలుపుట. ఈ రెండవ పద్ధతి ప్రపంచపటములకు తగినది. మన జిల్లావంటి చిన్న సీమకు మొదటిదే చాలును.

కంప్యూటరు పటములు

పూర్వము ఈ రంగుల నెన్నుకొను బాధ్యత పటకారునిది. ఒకసారి అచ్చైనపిమ్మట మార్పు లేదు. ఇప్పుడు ఆ బాధ్యత ప్రతి విద్యార్థి చేతికిని వచ్చినది. 2000వ సంవత్సరము ఫిబ్రవరిలో ఎండెవరు అను అంతరిక్షనౌక పదునొకండు దినములు భూమిని చుట్టుచు రాడారుకిరణములతో భూభాగములో సుమారు ఐదింట నాలుగు వంతుల ఎత్తులను కొలిచెను. 2005వ సంవత్సరము మే 5వ తేదీన మన శ్రీహరికోటనుండి పంపబడిన కార్టోశాట్-1 అను ఉపగ్రహము రెండు కెమెరాలతో ఒకే చోటును రెండు కోణములనుండి చిత్రించెను. మన రెండు కన్నులు దూరమును గ్రహించునట్లే ఆ రెండు చిత్రములనుండి భూమి యెత్తును కనుగొనిరి. ఆ యంకెలను హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రమువారు భువన్ అను తమ పటస్థానమున ప్రజలకు అందుబాటులో నుంచినారు.

ఇట్టి పటమనగా నిజమునకు రంగులేని అంకెల పట్టిక. భూమిని సుమారు ముప్పది మీటర్ల చదరపు గడులుగా విభజించి, ఒక్కొక్క గడికి ఒక్కొక్క యెత్తును వ్రాసియుంతురు. ఏ యంకెకు ఏ రంగు పూయవలెనో మనము చెప్పిననాడే అది పటమగును. మన మేమియు చెప్పకున్నచో కంప్యూటరు తనకు తోచిన రంగులను పూయును. ఆ తోచిన రంగులు మన ప్రశ్నకు తగినవియో కావో దానికి తెలియదు. కావున మనమే నాలుగు నిర్ణయములు చేయవలెను.

మొదటి నిర్ణయము: హద్దులు. రంగులవరుస ఎచ్చట మొదలై ఎచ్చట ముగియవలెను? సున్నమొదలు 8,849 మీటర్ల ఎవరెస్టు శిఖరమువరకు ఒకే వరుసను పరచినచో, మన ప్రాంతమునకు అందులో వీసమంత భాగమే దక్కును. సింగూరునకును జహీరాబాదునకును గల 98 మీటర్లు ఆ వరుసలో నూటికి ఒకవంతుకంటె కొంచెమే యెక్కువ. కన్ను దానిని పసిగట్టజాలదు. అదే వరుసను మన ప్రాంతపు కనిష్ఠమునుండి గరిష్ఠమువరకు, ఉదాహరణకు 500 మొదలు 700 మీటర్లవరకు మాత్రమే పరచినచో ఆ 98 మీటర్లు వరుసలో ఇంచుమించు సగమును ఆక్రమించును. అప్పుడు నదీలోయ చీకటిగను, పీఠభూమి వెలుతురుగను విడివడి కనబడును. అయితే ఒక హెచ్చరిక. ఇట్లు సాగదీసిన పటములో చిన్న మెరకలు సైతము పర్వతములవలె తోచును. కావున అంకెలతోగూడిన సూచికను పటముప్రక్క నుంచుట విధి. సూచికలేని రంగుపటము మీటలులేని త్రాసువంటిది.

రెండవ నిర్ణయము: మెట్లా, వాలా? రంగులను మెట్లుమెట్లుగా మార్చవచ్చును, లేదా ఎడతెగక మెల్లమెల్లగా కలుపవచ్చును. ఎత్తు నిర్ణయముగా చదువవలెనన్న మెట్లు మేలు. "ఈ చేను 540కిని 560కిని నడుమ నున్నది" అని చెప్పవచ్చును. భూమి రూపము తెలియవలెనన్న ఎడతెగని వరుస మేలు, లేని గోడలు అందు కనబడవు. మెట్లనే వాడదలచినచో ఆ మెట్ల హద్దులను మన ప్రశ్నయే నిర్ణయింపవలెను. సింగూరు నీటివిషయము చూపుపటమునకు 523.6 మీటర్లకడ ఒక హద్దుండవలెను. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచిన మూసీవంటి వరదను చూపుపటమునకు నదిగట్టుకడ మీటరు మీటరునకును ఒక మెట్టుండి, గట్టునకు దూరముననున్న మెరకకు ఒక్క రంగే చాలును. దేశమంతటిని చూపుపటమునకు పల్లములలో చిన్న మెట్లు, పర్వతములలో పెద్ద మెట్లు తగును. ఏలనన ప్రజలు, పంటలు, పట్టణములు ఎక్కువగా పల్లములలోనే యున్నవి.

మూడవ నిర్ణయము: రంగుల క్రమము. ఇంద్రధనుస్సులోని రంగులన్నిటిని వరుసగా వాడుట పలువురికి ముచ్చట. కాని వంకాయరంగు, నీలము, పసుపు, ఎరుపులలో ఏది ఎక్కువ యనునది కంటికి దానంతట తెలియదు, సూచికను మాటిమాటికి చూడవలసివచ్చును. పైగా నడుమనున్న పసుపు అన్నిటికంటె వెలుగుచు, మెరకలేనిచోట మెరక యున్నట్లు భ్రమింపజేయును. లేతనుండి ముదురునకు గాని ముదురునుండి లేతకు గాని ఒకే దిశగా సాగు వరుసను కన్ను తానే చదువుకొనును. "ఎత్తు పెరిగినకొలది ముదురు" అను హౌస్లాబు నియమ మొకటి. కొండకొన వెలుతురును అందుకొనును గనుక "ఎత్తు పెరిగినకొలది లేత" అను స్విట్జర్లండు పటకారుల మార్గ మింకొకటి. ఏ దిశనైనను ఎన్నుకొనవచ్చును, నడుమ త్రోవ మార్చరాదు. నీలమును మాత్రము నీటికే విడిచిపెట్టుట మంచిది. పల్లపునేలకు నీలము పూసినచో చూచువాడు చెరువనుకొనును.

నాలుగవ నిర్ణయము: నీడ. రంగు ఎత్తును చెప్పును గాని వాలును చక్కగా చెప్పదు. అందుకై భూమిపై ఒకవైపునుండి వెలుతురు పడినట్లు కంప్యూటరుచేత నీడ వేయింతురు. వాడుకప్రకారము ఆ వెలుతురు వాయవ్యమూలనుండి, నలుబదియైదు డిగ్రీల యెత్తునుండి పడును. ఇది సూర్యగమనమునుబట్టి ఏర్పడిన నియమము కాదు. కాగితమునకు ఎడమవైపున, పైన దీపముంచుకొని చదువుట మన కన్నులకు అలవాటు. ఆగ్నేయమునుండి వెలుతురు వేసినచో చూపు తలక్రిందై, కొండలు గుంటలవలెను, లోయలు గట్లవలెను కనబడును. ఉదయమున తీసిన ఉపగ్రహచిత్రములలో కొండలు గుంటలవలె తోచుటకు కారణమిదే. ఆ చిత్రమును తలక్రిందుగా త్రిప్పిచూడుడు, గుంటలు మరల కొండలగును. నీడ లేతగా నుండవలెను. నీడ గాఢమైనచో రంగు మాసి, సూచికలోని రంగునకును పటములోని రంగునకును పొత్తు కుదరదు.

చూచు కన్నులు

ఈ నాలుగు నిర్ణయములు చేసినను ఒక ప్రశ్న మిగులును. పటమును చూచువారందరు ఒకే విధముగా చూతురా?

కొన్ని యేండ్లక్రింద ఒక తరగతిలో నేను గోడపటమును చూపి, పల్లపుభూముల నెల్ల వ్రేలితో చుట్టుమని ఒక బాలునితో చెప్పితిని. వాడు తీరమును చూపి, వెంటనే పీఠభూమిని సైతము చూపెను. రెండవసారియు అట్లే చేసెను. పాఠమును వినలేదని మందలించి నిలువబెట్టితిని. తరువాత వానిచేత రంగుపెన్సిళ్లను ఏరించినప్పుడు గాని నా తప్పు నాకు తెలియలేదు. వానికి ఆకుపచ్చయు గోధుమయు ఒకటే. వాడు చూచినదానిని చూచినట్లే చెప్పెను. మందలింపు పొందవలసినది వాడు కాదు, పటమును, దానిని చూపిన నేనును. ఆ మాట మరునాడు తరగతియందరి యెదుట వానితో చెప్పితిని. "నాకు ముందే తెలుసునండి, చెప్పిన నవ్వుదురని చెప్పలేదు" అని వాడనెను.

పరమాణువాదమునకు ప్రసిద్ధుడైన జాన్ డాల్టన్ తనకే ఈ లోపము కలదని గుర్తించి 1794లో దానిని వర్ణించెను. ఇది వంశపారంపర్యముగా వచ్చునది. బాలురలో ఎక్కువగను, బాలికలలో మిక్కిలి అరుదుగను కనబడును. ఐరోపాసంతతి పురుషులలో సుమారు పండ్రెండుగురి కొకనికి ఇది కలదు. మనదేశమున అంతకంటె కొంత తక్కువ. అయినను పెద్ద తరగతిలో ఒకడైన నుండవచ్చునని ఉపాధ్యాయు డెంచుకొనుట మేలు. వీరికి ఎరుపు, ఆకుపచ్చ, గోధుమలు కలగలిసిపోవును. మన గోడపటములు శతాబ్దమునకు పైగా పల్లమును మెరకనుండి వేరుపరచుటకు నమ్ముకొనినవి సరిగా ఆ రంగులనే!

దీనికి పరిహారము కష్టము కాదు. లేత, ముదురుల భేదము వర్ణాంధులకును చక్కగా తెలియును. కావున రంగు ఏదైనను దాని వెలుగు ఒకే దిశగా మారుచుండిన చాలును. 2015లో వెలువడిన విరిడిస్ అను రంగులవరుస ఇట్టిదే. ముదురు ఊదాతో మొదలై, నీలము, ఆకుపచ్చలమీదుగా లేత పసుపుతో ముగియును. పరీక్షించు మార్గమును సులభమే. పటమును నలుపుతెలుపులలో ఒకసారి అచ్చొత్తి చూడుడు. రంగులు పోయినపిమ్మటను ఎత్తుపల్లములు తెలియుచున్నచో ఆ పటము అందరి కన్నులకును పనికివచ్చును. పేద పాఠశాలలలో పటములు సామాన్యముగా నలుపుతెలుపు ప్రతులుగానే పిల్లల చేతికి వచ్చుచుండును గనుక ఈ పరీక్ష రెండు విధముల ఉపకరించును.

మనమే చేయదగిన పని

విద్యార్థులారా! క్యూజీఐఎస్ అను సాఫ్టువేరు ఉచితముగా లభించుచున్నది. మన ప్రాంతపు ఎత్తుల పట్టికను తెచ్చి దానిలో తెరువుడు. మొదట కనిష్ఠ, గరిష్ఠముల నడిగి తెలిసికొనుడు. పిమ్మట ఇరువది మీటర్లకొక మెట్టు చొప్పున లేత గడ్డిరంగునుండి ముదురు గోధుమవరకు రంగులు పూయుడు. లేతనీడ నొకటి కలుపుడు. నదులను, చెరువులను నీలముతో గీయుడు. ఒక్క మాట మరువకుడు. ఉపగ్రహము చూచినది పైభాగమునే. జలాశయమున్నచోట ఆ యంకె నీటిమట్టమునకు సంబంధించినది, అడుగునేలది కాదు. దట్టమైన చెట్లున్నచోట ఆ యంకెలో చెట్ల యెత్తును కొంత కలిసియుండును. కొన్ని మీటర్ల పొరపాటు సర్వత్ర ఉండవచ్చును. కాబట్టి బావిగట్టును గాని ఇంటిపునాదిని గాని ఈ పటముతో నిర్ణయింపరాదు.

పటము సిద్ధమైనపిమ్మట మొదటి వాన వెలసిన మరునాడు దానిని చేతబట్టుకొని బయలుదేరుడు. మీ యూరి వాగు ఏవైపునకు పారుచున్నదో చూడుడు. మీ చెరువునకు నీరు ఏ మెరకనుండి దిగుచున్నదో గుర్తింపుడు. పటములో ముదురుగా నున్నచోటు కాలికి ఎగువగా తగులుచున్నదా యని పరీక్షింపుడు. బీదరువద్ద నౌబాదులో లాటరైటు రాతిని తొలిచి, భూగర్భమున నీటిని నడిపించిన సొరంగకాలువలు కలవు. వానిని త్రవ్విన పూర్వులకు ఉపగ్రహములు లేకున్నను భూమి వాలును వ్రేళ్లమీద లెక్కించినట్లు ఎరిగియుండిరి. మనకు అంకెలన్నియు చేతిలో నుండగా ఎరుగకపోవుట న్యాయము కాదు.

మీదట ఎచ్చటనైనను రంగుపటమును చూచినప్పుడు మూడు ప్రశ్నల నడుగుడు. ఈ రంగులు ఎచ్చట మొదలై ఎచ్చట ముగియుచున్నవి? ఈ హద్దులను ఏ ప్రశ్నకై ఎన్నుకొన్నారు? నా ప్రక్కనున్నవాడు దీనిని నావలెనే చూచుచున్నాడా? మొదటిదానికి ఉత్తరము సూచికలో దొరకును. రెండవదానికి ఉత్తరము దొరకనిచో, పటము మన ప్రశ్నకై చేసినది కాదని తెలిసికొని మన పటమును మనమే చేసికొనవలెను. మూడవదానికి ఉత్తరము మాత్రము పటములో లేదు. ప్రక్కవాని నడిగియే తెలిసికొనవలెను.